24 గళ్లు, ఒకే ఫంక్షన్: యాక్సెస్ ఫారంలో ఈవెంట్ల చిక్కుముడి

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు మండలాల్లో, అంటే ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు లాంటి చోట్ల, రొయ్యల గుంటలు ఉన్న ప్రతి రైతు దగ్గరా ఏదో ఒక రూపంలో మేత లెక్క ఉంటుంది. నిలువుగా గుంటలు, అడ్డంగా పూటలు, గడిలో కిలోలు. పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, ఎన్ని కిలోల మేతకి ఎన్ని కిలోల రొయ్య వచ్చిందో తేలేది ఈ లెక్కతోనే. అందుకే నోటు పుస్తకంలో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఊళ్లో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాడికి ఆ పని అప్పజెబితే, అతను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాని టేబుళ్లలో దాచే ప్రోగ్రాం) తెరిచి పుస్తకం ఎలా ఉందో అలాగే ఒక ఫారం, అంటే అంకెలు ఎక్కించే తెర, గీస్తాడు.

ఆరు గుంటలు, రోజుకి నాలుగు పూటల మేత అనుకుందాం. మొత్తం 24 టెక్స్ట్ బాక్సులు. గీయడం తేలికే, డిజైన్‌లో ఒకటి పెట్టి కాపీ కొట్టుకుంటూ పోవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. ఏ గడిలో అంకె మారినా ఆ గుంట మేత కూడిక మారాలి. నిన్నటి మేతకి రెట్టింపు పడితే ‘ఒకసారి చూడండి’ అని ఆపాలి. సరిగ్గా ఉంటే టేబుల్‌లో చేరాలి. గడి మారడం, క్లిక్ పడటం లాంటివాటిని ఈవెంట్ అంటారు. గడి మీద కుడి క్లిక్ చేసి ‘బిల్డ్ ఈవెంట్’ నొక్కి కోడ్ బిల్డర్ ఎంచుకుంటే ఆ గడికి ఒక ప్రొసీజర్, అంటే ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్ ముక్క, తెరుచుకుంటుంది. అందులో కోడ్ రాస్తాం. రెండో గడికీ అలాగే, మూడో గడికీ అలాగే. 24 ప్రొసీజర్లు పూర్తయ్యే సమయానికి రైతు వచ్చి, “పక్కన గుంట కూడా లీజుకి తీసుకున్నాం అబ్బాయ్, దాన్నీ ఎక్కించు” అంటాడు. ఇంకో నాలుగు. ఆ పైన ‘రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లకే ఆపాలి’ అంటే 28 చోట్ల దిద్దాలి. ఒక చోట మరిచిపోతే ఆ గడి ఒక్కటే పాత పద్ధతిలో నడుస్తుంటుంది, ఎవరికీ తెలియదు.

పాత విజువల్ బేసిక్ 6లో దీనికి కంట్రోల్ ఎర్రే అని ఒక సౌకర్యం ఉండేది (ఫారం మీది గడి, బటన్, లేబుల్ లాంటివన్నీ కంట్రోళ్లే). ఒకే పేరుతో ఎన్ని గళ్లయినా పెట్టుకోవచ్చు, ఈవెంట్ వచ్చినప్పుడు ఏ నంబరు గడి నుంచి వచ్చిందో ఇండెక్స్ రూపంలో చేతికి అందేది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే అయిన డాట్‌నెట్‌లో అయితే, పంపింది ఎవరో చెప్పే సెండర్ అనే ఆర్గ్యుమెంట్ (కోడ్‌కి అందే సమాచారం) వస్తుంది. యాక్సెస్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ బేస్‌లో మ్యాక్రోకి ఈవెంట్ ఆబ్జెక్ట్ వస్తుంది, దానిలోని సోర్స్ చూస్తే కంట్రోల్ ఏదో తెలుస్తుంది. యాక్సెస్‌లో ఈ మూడూ లేవు. పాత లాడ్జిల్లో గదికో బెల్లు మీట ఉండి, కింద కౌంటర్ దగ్గర గది నంబరు చూపించే బోర్డు మాత్రం లేకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. బెల్లు మోగుతుంది, ఎవరు నొక్కారో మనమే కనుక్కోవాలి. యాక్సెస్‌లో చాలా కంట్రోళ్లకి కలిపి ఈవెంట్ రాయడం అంటే అసలు సమస్య ఇదే. మోగడం తేలిక, మోగించింది ఎవరో తెలియడం కష్టం. పద్ధతులన్నీ ఈ ప్రశ్నకి చెప్పే వేరువేరు జవాబులే.

ముందు ఒక సంగతి తెలిస్తే సగం తెర తొలగిపోతుంది. ప్రాపర్టీ షీట్‌లో ఈవెంట్ ట్యాబ్ కింద కనిపించే ‘ఆఫ్టర్ అప్‌డేట్’, ‘ఆన్ క్లిక్’ వంటివన్నీ మామూలు ప్రాపర్టీలు. వాటిలో ఉండేది కోడ్ కాదు, ఒక చిన్న వాక్యం. ఆ వాక్యం మూడు రకాలుగా ఉండొచ్చు. ఒక మ్యాక్రోని (వరుసగా చేయాల్సిన పనుల జాబితాని) సూచించే మాట కావచ్చు. స్క్వేర్ బ్రాకెట్ల మధ్య ‘ఈవెంట్ ప్రొసీజర్’ అన్న మాట కావచ్చు, అప్పుడు యాక్సెస్ ఫారం మాడ్యూల్‌లోకి (ఆ ఫారం కోడ్ ఉండే చోటికి) వెళ్లి కంట్రోల్ పేరుతో ఉన్న ప్రొసీజర్ వెతుకుతుంది. లేదంటే సమానం గుర్తుతో మొదలయ్యే ఎక్స్‌ప్రెషన్ కావచ్చు. చాలామంది మొదటి రెండూ వాడతారు, మూడోది ఉందనే గమనించరు. మనకి కావలసింది ఆ మూడోదే.

ఆఫ్టర్ అప్‌డేట్ ప్రాపర్టీలో =మేతలెక్క() అని రాస్తే ఆ గడి మారిన ప్రతిసారీ ఆ పేరున్న ఫంక్షన్ నడుస్తుంది. డిజైన్ వ్యూలో 24 గళ్లనీ మౌస్‌తో చుట్టి ఎంచుకుని, ప్రాపర్టీ షీట్‌లో ఆ వాక్యం ఒక్కసారి టైప్ చేస్తే అన్నిటికీ పడుతుంది. కోడ్ ఒక్క చోటే ఉంటుంది. అది ‘సబ్’ (విలువ తిరిగి ఇవ్వని ప్రొసీజర్) కాకూడదు, ‘ఫంక్షన్’ (విలువ తిరిగి ఇచ్చేది) అయి తీరాలి. తిరిగి ఇచ్చే విలువ ఎవరికీ అక్కర్లేకపోయినా సరే, ఎక్స్‌ప్రెషన్ నుంచి సబ్‌ని పిలవలేం. ఫంక్షన్‌ని ఆ ఫారం మాడ్యూల్‌లో పెట్టుకోవచ్చు, నాలుగైదు ఫారాలకి పనికొచ్చేదైతే స్టాండర్డ్ మాడ్యూల్‌లో పబ్లిక్‌గా పెట్టుకోవచ్చు.

(పేర్లు ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడండి. యాక్సెస్ కోడ్ భాష వీబీఏ, దాని ఎడిటర్ యూనికోడ్‌ది కాదు, తెలుగు అక్షరాలు అందులో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరుస కనబడుతుంది. ఫారం మీది లేబుళ్లు, టేబుళ్లలోని డేటా తెలుగులో నిక్షేపంగా ఉంటాయి. కాబట్టి ‘మేత ఎక్కువ పడింది’ లాంటి హెచ్చరికలని ఒక చిన్న టేబుల్‌లో రాసిపెట్టుకుని, అక్కడి నుంచి చదివి ఫారం మీద ఒక లేబుల్‌లో చూపించడం మేలు. గుంట దగ్గర అంకెలు కొట్టే మనిషికి ఇంగ్లీషు మెసేజ్ బాక్స్ కంటే అదే అర్థమవుతుంది.)

ఇప్పుడు, నొక్కింది ఎవరు? ఎక్కువమంది స్క్రీన్.యాక్టివ్‌కంట్రోల్ వాడతారు. ఫోకస్ (కీబోర్డుతో కొట్టేది చేరే చోటు) ఏ కంట్రోల్ మీద ఉందో అది చెబుతుంది. గడిలో అంకె మార్చిన వెంటనే వచ్చే ఆఫ్టర్ అప్‌డేట్ సమయానికి ఫోకస్ ఇంకా ఆ గడిలోనే ఉంటుంది కాబట్టి జవాబు సరిగ్గానే వస్తుంది. అయితే ఇది ‘ఫోకస్ ఎక్కడుంది’ అన్న ప్రశ్నకి జవాబు. మనం అడుగుతున్నది ‘ఈవెంట్ ఎక్కడి నుంచి వచ్చింది’ అని. ఈ రెండూ ఒకటే అనుకుని రాసిన కోడ్ ఏదో ఒక రోజు తప్పుతుంది. లేబుల్‌కి, బొమ్మకి ఫోకస్ ఉండదు. గుంటల మ్యాప్ గీసి ఒక్కో గుంట మీద లేబుల్ పెట్టి క్లిక్ చేయిస్తే, యాక్టివ్‌కంట్రోల్ అంతకుముందు ఫోకస్ ఉన్న గడి పేరు చెబుతుంది. మధ్యలో ఇంకో ఫారం తెరుచుకుంటే దాని కంట్రోల్ వస్తుంది. చురుగ్గా ఉన్న కంట్రోల్ ఏదీ లేనప్పుడు 2474 నంబరు ఎర్రర్ వస్తుంది.

నా మటుకు నాకు నచ్చింది, ఎవరు నొక్కారో నొక్కినవాళ్లతోనే చెప్పించడం. =మేతలెక్క(3, 2) అని రాస్తే మూడో గుంట, రెండో పూట అని ఫంక్షన్‌కి నేరుగా అందుతుంది. ఊహించే పనే ఉండదు. స్టాండర్డ్ మాడ్యూల్‌లో ఫంక్షన్ ఉంటే మొదటి ఆర్గ్యుమెంట్‌గా స్క్వేర్ బ్రాకెట్లలో ‘ఫారం’ అన్న మాట ఇవ్వొచ్చు, ఆ ఫారమే ఆబ్జెక్ట్‌గా వెళ్తుంది. ఒక్కో గడికి ఒక్కో అంకె కాబట్టి 24 సార్లు టైప్ చేయాలా అంటే, అక్కర్లేదు. గళ్ల పేర్లు ఒక వరుసలో పెట్టుకోవాలి. మేత_1_1 నుంచి మేత_6_4 దాకా. ఫారం లోడ్ అయ్యేటప్పుడు రెండు ఫర్ లూపులు ఒకదానిలో ఒకటి తిప్పి, ఒక్కో గడి ఆఫ్టర్ అప్‌డేట్ ప్రాపర్టీలో ఆ వాక్యాన్ని కోడే రాసేస్తుంది. ప్రాపర్టీ అంటే టెక్స్టే కదా, నడుస్తున్నప్పుడు కూడా మార్చొచ్చు. ఏడో గుంట వచ్చిననాడు నాలుగు గళ్లు పెట్టి పేర్లు సరిచేసి, లూపు ఆఖరి అంకెని 7 చేస్తే సరిపోతుంది. పేర్లు పెట్టడంలో చూపిన క్రమశిక్షణ ఇక్కడ వడ్డీతో తిరిగొస్తుంది. టెక్స్ట్37, టెక్స్ట్41 అని యాక్సెస్ పెట్టిన పేర్లే వదిలేసిన ఫారంలో ఈ పని చేయలేం.

పేరులో ఇమడని సమాచారం ఉంటే, ఉదాహరణకి ఆ గుంట విస్తీర్ణమో, మేత నంబరో, ప్రతి కంట్రోల్‌కీ ‘ట్యాగ్’ అనే ఖాళీ ప్రాపర్టీ ఒకటి ఉంటుంది, అందులో రాసుకోవచ్చు. యాక్సెస్ దాన్ని దేనికీ వాడదు, అది మనదే. ‘ఈ ట్యాగ్ ఉన్నవాటినే పట్టించుకో’ అని లూపులో గుర్తు పట్టడానికి కూడా బాగా పనికొస్తుంది.

ఈ పద్ధతికి రెండు హద్దులున్నాయి. మొదటిది, ఈవెంట్‌తో పాటు వచ్చే ఆర్గ్యుమెంట్లు ఎక్స్‌ప్రెషన్‌కి అందవు. విలువ ఖాయం కాకముందు వచ్చే బిఫోర్ అప్‌డేట్‌లో ‘క్యాన్సిల్’ ఉంటుంది, కీ డౌన్‌లో ఏ మీట నొక్కారన్నది ఉంటుంది, అవేవీ మన ఫంక్షన్ దాకా రావు. క్యాన్సిల్ కోసం మాత్రం ఒక దారి ఉంది. ఫంక్షన్ లోపల డూసీఎండీ.క్యాన్సిల్‌ఈవెంట్ అంటే, తనని నడిపించిన ఈవెంట్ రద్దవుతుంది. 12 కిలోలకి బదులు 120 కొట్టినప్పుడు ఆపడానికి అది చాలు. ఆపడం వరకే సుమా. బిఫోర్ అప్‌డేట్‌లో ఉండగా ఆ గడి విలువనే కోడ్‌తో దిద్దబోతే 2115 ఎర్రర్ ఎదురవుతుంది. దిద్దుబాట్లేవైనా ఆఫ్టర్ అప్‌డేట్‌లోనే చేసుకోవాలి.

రెండో హద్దు అసలు యాక్సెస్‌దే, ఏ పద్ధతిలో రాసినా ఉంటుంది. మనిషి టైప్ చేస్తేనే ఆఫ్టర్ అప్‌డేట్ వస్తుంది. కోడ్ విలువ పెడితే రాదు. ‘నిన్నటి మేతే ఇవాళా’ అని ఒక బటన్ పెట్టి 24 గళ్లు నింపామనుకోండి, గళ్లన్నీ నిండుతాయి, మొత్తాలు మాత్రం మారవు, టేబుల్‌లో ఏదీ చేరదు. బటన్ కోడ్‌లోంచి మేతలెక్కని మనమే పిలవాలి. అదే పని 24 ఈవెంట్ ప్రొసీజర్లలో చెదిరి ఉంటే ఈ పిలుపు నరకం. ఒకే ఫంక్షన్ అయితే లూపులో ఒక వరుస.

ఫంక్షన్ లోపల ఏం జరగాలన్నది వేరే కథ అయినా, ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. ఖాళీ గడి, సున్నా ఉన్న గడి ఒకటి కాదు. వాన పడిందనో, నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనో, చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) పాత మేత మిగిలిపోయిందనో ఆ పూట మేత ఆపితే అది సున్నా. ఇంకా ఎక్కించకపోతే అది ఖాళీ, యాక్సెస్ భాషలో నల్. నల్‌కి ఏ అంకె కలిపినా నల్లే వస్తుంది, అందుకే ఒక్క పూట రాయకపోతే గుంట మొత్తం కూడా మాయమవుతుంది. ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో నల్‌ని సున్నాగా మార్చి కూడడం అందరూ చేసేదే. కూడడానికి మార్చండి, దాచడానికి మార్చకండి. టేబుల్‌లో కూడా సున్నా రాసేస్తే, మేత ఆపిన పూట ఏదో, రాయడం మరిచిన పూట ఏదో నెల తర్వాత ఎవరూ చెప్పలేరు.

కీబోర్డు సంగతికి వద్దాం. పుస్తకం అలవాటున్న మనిషి పై నుంచి కిందికి రాస్తాడు. ఆరు గుంటల మొదటి పూట, తర్వాత ఆరు గుంటల రెండో పూట. కింది బాణం నొక్కితే కింది గుంటకి వెళ్లాలని అతని ఆశ. యాక్సెస్ మాత్రం ట్యాబ్ ఆర్డర్‌లో తర్వాత ఏముంటే అక్కడికి తీసుకెళ్తుంది. దీనికి 24 కీ డౌన్ ప్రొసీజర్లు రాయాల్సిన పనే లేదు. ఫారంకి ‘కీ ప్రివ్యూ’ అనే ప్రాపర్టీ ఉంది. దాన్ని ‘యస్’ చేస్తే ప్రతి మీటా కంట్రోల్‌కి చేరేముందు ఫారం కీ డౌన్‌కి చేరుతుంది, మీట కోడ్ కూడా చేతికొస్తుంది. అక్కడ ఒక్క ప్రొసీజర్ చాలు. ఫోకస్ ఎక్కడుందో చూసి, పేరులోంచి గుంట నంబరు తీసి, ఒకటి కలిపి, ఆ గడికి సెట్‌ఫోకస్ చేసి, కీకోడ్‌ని సున్నా చేయాలి. సున్నా చేయకపోతే మనం ఒకసారి జరిపాక యాక్సెస్ తన వంతుగా ఇంకోసారి జరుపుతుంది. ఇక్కడ యాక్టివ్‌కంట్రోల్ వాడటంలో తప్పులేదు, ఎందుకంటే మీట నొక్కినప్పుడు మనకి కావలసింది నిజంగానే ఫోకస్ ఎక్కడుందన్నదే. రెండు జాగ్రత్తలు. పేరు ‘మేత_’తో మొదలైతేనే పట్టించుకోవాలి, లేదంటే అదే ఫారంలో ఉన్న కాంబో బాక్స్‌లో బాణాలు పనిచేయడం మానేస్తాయి. రెండోది, గడిలో తప్పు అంకె ఉండి బిఫోర్ అప్‌డేట్ ఆపేస్తే సెట్‌ఫోకస్ ఎర్రర్ ఇస్తుంది, దాన్ని పట్టుకునే ఏర్పాటు ఉండాలి.

ఇక విత్‌ఈవెంట్స్. ఈ అంశం మీద లోతుగా వెళ్లినవాళ్లందరూ చేరే చోటు ఇదే, కాస్త గర్వంగా చేరతారు కూడా. ఒక క్లాస్ మాడ్యూల్, అంటే ఒకే అచ్చులో ఎన్ని ఆబ్జెక్టులైనా తయారుచేసుకునే కోడ్, రాస్తాం. అందులో విత్‌ఈవెంట్స్ అనే మాటతో ఒక టెక్స్ట్ బాక్స్ వేరియబుల్ ప్రకటిస్తాం. ఆ టెక్స్ట్ బాక్స్ ఈవెంట్లన్నీ, ఆర్గ్యుమెంట్లతో సహా, ఈ క్లాస్‌లోనే రాసుకోవచ్చు. ఫారం లోడ్‌లో లూపు తిప్పి ఒక్కో గడికి ఈ క్లాస్ నుంచి ఒక్కో ఆబ్జెక్ట్ తయారుచేసి, గడిని దానికి అప్పగిస్తాం. ఇప్పుడు ఒక్కో గడికి ఒక్కో కాపలాదారు. ఎవరు నొక్కారన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే ప్రతి ఆబ్జెక్ట్‌కీ తన గడి ఒక్కటే తెలుసు. గుంట నంబరు, పూట, నిన్నటి మేత అన్నీ దానిలోనే దాచుకోవచ్చు.

చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా, పని చేయనప్పుడు ఇది ఏమీ చెప్పదు. ఎర్రర్ రాదు, ఈవెంట్ రాదు, ఊరికే కూర్చుంటుంది. కారణాలు సాధారణంగా మూడు. మొదటిది, ఇందాక చెప్పిన వాక్యం. గడి ప్రాపర్టీలో స్క్వేర్ బ్రాకెట్లతో ఈవెంట్ ప్రొసీజర్ అన్న మాట ఉంటేనే యాక్సెస్ ఆ ఈవెంట్‌ని వీబీఏ దాకా పంపుతుంది. క్లాస్‌కి గడిని అప్పగించేటప్పుడే ఆ మాటని కోడ్‌తో రాయాలి. అక్కడ పాత =మేతలెక్క() ఉండిపోతే అదే నడుస్తుంది, క్లాస్‌కి కబురు రాదు. రెండోది, ఆబ్జెక్టులని పట్టుకునే చోటు. లోడ్ ప్రొసీజర్ లోపలి వేరియబుల్‌లో పెడితే, ఆ ప్రొసీజర్ ముగియగానే అవీ పోతాయి. ఫారం మాడ్యూల్ పైభాగాన ఒక కలెక్షన్ ప్రకటించి అందులో వేసుకోవాలి. మూడోది ఇంకా మోసం. ఎక్కడో సంబంధం లేని కోడ్‌లో ఎర్రర్ వచ్చి, పెట్టెలో ‘ఎండ్’ నొక్కితే, వేరియబుళ్లన్నీ చెరిగిపోతాయి, కలెక్షన్ కూడా. ఫారం తెర మీదే ఉంటుంది, గళ్లు మూగబోతాయి. ఏసీసీడీఈగా, అంటే కోడ్ మార్చడానికి వీల్లేని రూపంలోకి, కంపైల్ చేసిన ఫైల్‌లో ఈ ఇబ్బంది లేదు, పట్టుకోని ఎర్రర్ వచ్చినా వేరియబుళ్లు నిలుస్తాయి. రైతు కంప్యూటర్‌లో పెట్టేది ఏసీసీడీఈ అయి ఉండాలనడానికి ఇదొక్కటే సరిపడా కారణం.

విత్‌ఈవెంట్స్‌ని ‘కంట్రోల్’ అనే సాధారణ రకంతో వాడలేం. టెక్స్ట్ బాక్స్‌కి ఒక వేరియబుల్, కాంబో బాక్స్‌కి ఇంకొకటి, చెక్ బాక్స్‌కి మరొకటి రాయాల్సిందే. ఫారం మాడ్యూల్‌లో అదే గడికి పాత ప్రొసీజర్ మిగిలి ఉంటే అదీ నడుస్తుంది, క్లాస్‌లోదీ నడుస్తుంది. మొత్తం రెండుసార్లు కలుస్తోందన్న ఫిర్యాదు వస్తే ముందు వెతకాల్సింది అక్కడే. క్లాస్‌లో ఫారంని కూడా దాచుకుంటే, ఫారం క్లాస్‌నీ క్లాస్ ఫారంనీ పట్టుకుని కూర్చుంటాయి, ఫారం మూసేటప్పుడు కలెక్షన్‌ని నథింగ్ చేసి (వదిలించి) విడదీయాలి.

మరి ఏది వాడాలి? ఒక్క ఫారం, ఒక్క ఆఫ్టర్ అప్‌డేట్, కొంచెం తనిఖీ. ఇంతే అయితే ఎక్స్‌ప్రెషన్ పద్ధతి సరిపోతుంది, క్లాస్ రాయడం అనవసరపు హంగు. మేత ఫారం, నీటి పరీక్షల ఫారం, మందుల ఫారం అన్నిటిలోనూ గళ్లు ఒకేలా ప్రవర్తించాలి, మౌస్, కీబోర్డు ఆర్గ్యుమెంట్లు గడిగడికీ కావాలి అంటే క్లాస్ దాని ఖర్చు తనే రాబడుతుంది.

ఇంతకీ 24 గళ్లు అవసరమా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. టేబుల్‌లోనే పూట1, పూట2, పూట3, పూట4 అని నిలువు వరుసలు పెట్టిన ఫైళ్లు చాలా కనబడతాయి. అది పుస్తకం రూపాన్ని టేబుల్‌కి తగిలించడం. టేబుల్‌లో ఉండాల్సినవి తేదీ, గుంట, పూట, కిలోలు. ఒక్కో మేతకి ఒక్కో వరుస. అలా పెట్టుకుంటే కంటిన్యువస్ ఫారంలో (టేబుల్ వరుసలని ఒకదాని కింద ఒకటి చూపే ఫారంలో) కిలోల గడి ఒక్కటే ఉంటుంది, ఎన్ని వరుసలు కనిపించినా కంట్రోల్ ఒకటే, ఈవెంట్ ఒకటే. ఇప్పటిదాకా చెప్పుకున్న తిప్పలేవీ అక్కర్లేదు. అయితే అక్కడ ఒక గడికి కోడ్‌తో ఎరుపు రంగు వేస్తే అన్ని వరుసలకీ ఎరుపు పడుతుంది, రంగుల కోసం కండిషనల్ ఫార్మాటింగ్ వాడుకోవాలి.

అయినా మేత వేసే మనిషికి పుస్తకం రూపమే కావాలి. అడ్డంగా నాలుగు పూటలు ఒకేసారి కనబడాలి. ఆ రూపాన్ని క్రాస్‌ట్యాబ్ క్వెరీ ఇస్తుంది కానీ అందులో అంకెలు మార్చనివ్వదు, చూడటానికే. అందుకే టేబుల్‌తో నేరుగా ముడిపెట్టని 24 గళ్ల ఫారం, దాని వెనక సరైన టేబుల్, రెండిటి మధ్య మేతలెక్క ఫంక్షన్. ఆఖర్లో ‘సేవ్’ నొక్కితే అన్నీ ఒకేసారి రాయడం కంటే, గడి మారిన ప్రతిసారీ ఆ ఒక్క వరుసని రాయడం మంచిది. గుంటల దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? గడిని ఖాళీ చేస్తే ఆ వరుసని టేబుల్‌లోంచి తీసేయాలి, సున్నా రాయకూడదు.

అన్నీ సరిగ్గా రాసి, ఫైల్‌ని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపితే అవతల ఏ గడీ పలకడం లేదని ఫోన్ వస్తే, కోడ్ వెతకడం మొదలుపెట్టకండి. బయటి నుంచి వచ్చిన ఫైల్‌లోని కోడ్‌ని యాక్సెస్ మామూలుగా నడవనివ్వదు. ట్రస్ట్ సెంటర్‌లో ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చి ఫైల్‌ని అందులోంచి తెరిస్తే 24 గళ్లూ పనిచేస్తాయి.